రాత్రి షిఫ్టు ముగియకముందే వైఫై హ్యాండ్‌సెట్లు ఆగిపోతున్నాయి, పైగా మాట తెగుతోంది: ఎక్కడ వెతకాలి?

ఓరుగల్లు_సిస్టమ్స్ (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిస్టమ్స్ విభాగం చూస్తున్నాను. మాది నాలుగు అంతస్తుల భవనం, 180 పడకలు. మొత్తం 46 యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) ఉన్నాయి, అన్నింటినీ ఒకే కంట్రోలర్ నడుపుతుంది. నర్సులూ డ్యూటీ డాక్టర్లూ లోపల మాట్లాడుకోవడానికి ఏడాదిన్నర క్రితం 60 వైఫై హ్యాండ్‌సెట్లు కొన్నాం. వీటికి సిమ్ ఉండదు. కింది అంతస్తు సర్వర్ గదిలో ఉన్న కాల్ సర్వర్ ద్వారానే ప్రతి కాల్ నడుస్తుంది.

ఇబ్బందులు రెండు. మొదటిది, రాత్రి 8 గంటలకు పూర్తి ఛార్జితో తీసుకున్న హ్యాండ్‌సెట్ తెల్లవారుజామున 4 గంటలకే ఆగిపోతోంది, షిఫ్టు ఉదయం 8 గంటల దాకా ఉంటుంది. రెండోది, కాల్ మధ్యలో మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. నర్సు చెప్పేది అవతలివారికి స్పష్టంగానే చేరుతోంది, అవతలివారు చెప్పేదే నర్సుకు తెగి వినిపిస్తోంది.

హ్యాండ్‌సెట్లలో పవర్ సేవ్‌ను, అంటే వాడనప్పుడు రేడియోను నిద్రపుచ్చి బ్యాటరీ మిగిల్చే సెట్టింగును, ఆపేసి చూశాను. మాట వెంటనే బాగుపడింది, కానీ ఫోను రాత్రి ఒంటిగంట దాటలేదు. మళ్లీ పెడితే బ్యాటరీ కాస్త నిలుస్తుంది, మాట చెడిపోతుంది. మాట బాగుండాలంటే బ్యాటరీని వదులుకోవాలి, బ్యాటరీ కావాలంటే మాటతో సర్దుకోవాలి అన్నట్టుంది మా పరిస్థితి. అదనంగా 30 ఛార్జింగ్ స్టాండులు కొనమని సరఫరాదారు సలహా ఇచ్చాడు. కొనే ముందు ఇక్కడ అడగడం మంచిదనిపించింది.

గాలితరంగం:

స్టాండులు ఇప్పుడే కొనకండి. మాట ఒక వైపే తెగుతోందని మీరు రాసిన వాక్యంలోనే సగం జవాబు ఉంది.

హ్యాండ్‌సెట్ నుంచి పైకి వెళ్లే మాటకు ప్రాధాన్యపు గుర్తు వేసేది హ్యాండ్‌సెట్టే కాబట్టి అది చాలావరకు సరిగ్గానే ఉంటుంది. కిందికి వచ్చే మాట కథ వేరు. కాల్ సర్వర్ వేసిన గుర్తు కోర్ స్విచ్, అంతస్తు స్విచ్, కంట్రోలర్ అన్నీ దాటి, చెరిగిపోకుండా యాక్సెస్ పాయింట్ దాకా చేరాలి. దారిలో ఏ ఒక్క పోర్టు దాన్ని సున్నా చేసినా, మాట ప్యాకెట్ (మాటను మోసే చిన్న డేటా ముక్క) మామూలు డేటా వరుసలో వచ్చి నిలబడుతుంది. కొన్ని రకాల స్విచ్‌లలో పోర్టుకు "ట్రస్ట్" అని చెప్పనిదే అవి వచ్చిన ప్రతి గుర్తునూ తుడిచేస్తాయి.

మామూలు వరుసలో పడితే కాస్త ఆలస్యమే కదా, దానికీ బ్యాటరీకీ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం ఇదీ. పాత పద్ధతి పవర్ సేవ్‌లో ఫోను నిద్రపోతుంది, దానికి వచ్చిన ప్యాకెట్లను యాక్సెస్ పాయింట్ దాచిపెడుతుంది, తర్వాతి బీకన్‌లో, అంటే తాను క్రమం తప్పకుండా చేసే ప్రకటనలో, "నీకు ప్యాకెట్లు ఉన్నాయి" అని సూచిస్తుంది. అప్పుడు ఫోను ఒక్కొక్క ప్యాకెట్‌కు ఒక్కొక్క విన్నపం పంపి తీసుకుంటుంది. బీకన్లు సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తాయి, మాట ప్యాకెట్లు 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి. అంటే ఒక్కో బీకన్ వచ్చేసరికి ఐదు ప్యాకెట్లు పోగవుతాయి. ఫోనులోని జిట్టర్ బఫర్ (ప్యాకెట్లను కాసేపు ఆపి వరుసగా వినిపించే నిల్వ) 60 మిల్లీసెకన్లకు సిద్ధపడి ఉంటే, ఆలస్యంగా వచ్చినవాటిని అది పారేస్తుంది. మీ నర్సుల చెవికి చేరుతున్న ముక్కలు అవే.

ఈ చిక్కు తీర్చడానికే 802.11ఇ అనే వైఫై ప్రమాణంలో యూ-ఏపీఎస్‌డీ అనే పద్ధతి తెచ్చారు. వైఫై పరికరాలను ధ్రువీకరించే సంస్థ వైఫై అలయన్స్ 2005 చివర్లో డబ్ల్యూఎంఎం పవర్ సేవ్ పేరుతో దానికి ధ్రువీకరణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇందులో ఫోను బీకన్ కోసం ఎదురుచూడదు. తన మాట ప్యాకెట్‌ను పైకి పంపడమే "నేను లేచాను, నావి ఏమైనా ఉంటే ఇవ్వు" అన్న సంకేతంగా పనిచేస్తుంది. యాక్సెస్ పాయింట్ దాచినవాటిని అప్పుడే ఇచ్చేసి, ఇక లేవని చివరి ప్యాకెట్‌లోనే గుర్తు పెడుతుంది, ఫోను వెంటనే నిద్రలోకి వెళుతుంది. ఇలా మాట సాగుతుండగానే ప్రతి 20 మిల్లీసెకన్లలో ఎక్కువ భాగం రేడియో కునుకు తీయగలదు.

అసలు మెలిక ఇక్కడుంది. ఈ సదుపాయాన్ని నాలుగు తరగతులకూ, అంటే మాట, వీడియో, మామూలు, నేపథ్య (బ్యాక్‌గ్రౌండ్) తరగతులకు విడివిడిగా అమర్చుకోవచ్చు. చాలా హ్యాండ్‌సెట్లు దాన్ని మాట తరగతికి మాత్రమే అమర్చుకుంటాయి. గుర్తు చెరిగి మామూలు తరగతిలో పడిన ప్యాకెట్‌కు ఈ దారి మూసుకుపోతుంది. అది మళ్లీ బీకన్ కోసం కాచుకోవాలి, ఫోను మళ్లీ విన్నపాలు పంపాలి. మాట చెడడానికీ కాల్‌లో బ్యాటరీ కరగడానికీ కారణం అదే ఒక్క చెరిగిన గుర్తు కావచ్చు. పవర్ సేవ్ ఆపితే మాట బాగుపడిందంటే కారణం, ఎప్పుడూ మేలుకుని ఉన్న ఫోను కోసం యాక్సెస్ పాయింట్ దేనినీ దాచిపెట్టదు.

మాట తెగుతున్న చోట గాలిలో క్యాప్చర్ తీసి, అంటే ప్యాకెట్లను రికార్డు చేసి, వైర్‌షార్క్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో చూడండి. కిందికి వచ్చే మాట ప్యాకెట్ల క్యూఓఎస్ శీర్షికలో ప్రాధాన్యం 6 ఉండాలి. 0 ఉంటే స్విచ్‌లను అనుమానించండి. 5 ఉంటే కథ వేరు, అప్పుడు చెబుతాను.

బీకన్_లెక్కలు:

గాలితరంగం గారు మాట గురించి చెప్పినదంతా నాకు సమ్మతమే. బ్యాటరీ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ముందు చిన్న లెక్క వేద్దాం. ఓరుగల్లు గారూ, రాత్రి షిఫ్టులో ఒక్కో హ్యాండ్‌సెట్ మీద ఎంతసేపు మాట్లాడుతున్నారో కాల్ సర్వర్ రికార్డుల్లో చూడండి. దానితో పాటు పెట్టెలో వచ్చిన పుస్తకంలో టాక్ టైమ్, స్టాండ్‌బై ఎన్ని గంటలని రాశారో కూడా చెప్పండి. మరో ప్రశ్న: మాట తెగడం అన్ని అంతస్తుల్లోనూ ఉందా, కొన్నింటిలోనేనా? బ్యాటరీ ఫిర్యాదు కూడా అవే అంతస్తుల నుంచి వస్తోందా?

ఓరుగల్లు_సిస్టమ్స్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రికార్డుల ప్రకారం రాత్రి షిఫ్టులో ఒక్కో హ్యాండ్‌సెట్ మీద దాదాపు 40 నిమిషాల మాట నడుస్తోంది. పుస్తకంలో టాక్ టైమ్ 10 గంటలు, స్టాండ్‌బై 80 గంటలు అని ఉంది. అంతస్తుల గురించి మీరు అడిగేదాకా నేను విడదీసి చూడనే లేదు. మాట తెగుతోందన్న ఫిర్యాదులు దాదాపు అన్నీ రెండు, మూడు అంతస్తులవే. బ్యాటరీ ఫిర్యాదు మాత్రం అన్ని అంతస్తుల నుంచీ ఉంది. రెండు, మూడు అంతస్తుల్లో నిరుడు వార్డులు పెంచినప్పుడు కొత్త స్విచ్‌లు వేయించామని ఇప్పుడే గుర్తొచ్చింది.

బీకన్_లెక్కలు:

అయితే మీకున్నవి ఒకే సమస్య రెండు ముఖాలు కావు, రెండు వేర్వేరు సమస్యలు. పది గంటల టాక్ టైమ్‌లో 40 నిమిషాలంటే బ్యాటరీలో దాదాపు 7 శాతం. మిగిలిన 11 గంటల 20 నిమిషాలు స్టాండ్‌బై, అది 80 గంటల్లో దాదాపు 14 శాతం. అంటే ఉదయం 8 గంటలకు ఫోనులో 79 శాతం మిగిలి ఉండాలి. పుస్తకంలో రాసేది ఆదర్శ పరిస్థితి కాబట్టి ఖర్చును రెండింతలు చేసుకున్నా 58 శాతం ఉండాలి. మీ ఫోను 4 గంటలకే సున్నాకు చేరుతోంది. మాట సాగుతున్నప్పటి వృథా ఎంత ఉన్నా 40 నిమిషాల్లో ఇంత తినలేదు. తినేది స్టాండ్‌బై. జేబులో ఊరికే ఉన్న ఫోనును ఎవరో నిద్రపోనివ్వడం లేదు.

ఎవరో కనిపెట్టడానికి డీటిమ్ బీకన్ల తర్వాత ఏం జరుగుతోందో చూడాలి (డీటిమ్ 1 అంటే ప్రతి బీకనూ, 3 అంటే ప్రతి మూడో బీకనూ డీటిమ్ బీకన్). ఒక యాక్సెస్ పాయింట్ కింద ఒక్క ఫోను నిద్రలో ఉన్నా సరే, అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్, ఒక గుంపుకు ఉద్దేశించిన మల్టీకాస్ట్ ప్యాకెట్లన్నింటినీ ఆ యాక్సెస్ పాయింట్ ఆపి ఉంచి డీటిమ్ బీకన్ తర్వాత వరుసగా వదులుతుంది. నిద్రలేచిన ప్రతి ఫోనూ అవి అయిపోయేదాకా వింటూ కూర్చోవాలి, తనకు అక్కర్లేనివైనా సరే. పైగా అవి వెళ్లేది ఆ నెట్‌వర్క్‌లోని కనీస వేగంతో. కనీస వేగం 1 ఎంబీపీఎస్‌గా వదిలేసి ఉంటే, 100 బైట్ల చిన్న ప్యాకెట్ కూడా గాలిలో దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. అలాంటివి పది వస్తే, మధ్య విరామాలతో కలిపి, రెండు మూడు మిల్లీసెకన్లు లేచి పడుకోవాల్సిన ఫోను పదిహేను మిల్లీసెకన్లు మేలుకుని ఉంటుంది. డీటిమ్ 1 అయితే ఇది సెకనుకు దాదాపు పదిసార్లు జరుగుతుంది. ఇక రాత్రంతా ఎన్నిసార్లో మీరే ఊహించండి.

హ్యాండ్‌సెట్లు ఉన్న వీల్యాన్‌లోనే (నెట్‌వర్క్‌ను విడదీసిన భాగంలోనే) రోగుల బంధువుల ఫోన్లు, గదుల్లోని టీవీలు, ప్రింటర్లు కూడా ఉన్నాయా? ఉంటే "నేనిక్కడున్నాను, నువ్వెక్కడున్నావు" అని అవి చేసే గోలంతా మీ నర్సుల జేబుల్లో వినిపిస్తున్నట్టే. మీరు ఎన్ని ఎస్ఎస్ఐడీలు (వైఫై పేర్లు) నడుపుతున్నారో కూడా చూసుకోండి. 250 బైట్ల బీకన్ 1 ఎంబీపీఎస్‌లో రెండు మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. ఒకే ఛానల్‌లో మూడు యాక్సెస్ పాయింట్లు ఒకదానికొకటి వినిపిస్తూ, ఒక్కొక్కటి నాలుగు పేర్లు ప్రకటిస్తుంటే, ప్రతి 102.4 మిల్లీసెకన్లలో పన్నెండు బీకన్లు. అంటే ఎవరూ ఏమీ పంపకముందే గాలిలో నాలుగో వంతు ఖర్చయిపోయింది.

యాక్సెస్ పాయింట్ల శక్తి గురించి ఒక మాట. చాలాచోట్ల దాన్ని గరిష్ఠానికి పెట్టేసి సిగ్నల్ గీతలు చూసి సంతోషిస్తారు. యాక్సెస్ పాయింట్ 20 డీబీఎంతో (డీబీఎం అంటే సిగ్నల్ శక్తి కొలత) అరిచినా, హ్యాండ్‌సెట్ 14 డీబీఎంతోనే జవాబు చెప్పగలిగితే ఆ జవాబు అటు చేరదు. ఫోను ఒకే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది, దానికీ బ్యాటరీయే ఖర్చు. రెండు వైపుల శక్తినీ దగ్గరగా పెట్టి, మాట నడవాల్సిన ప్రతి మూలా −67 డీబీఎంకు తగ్గకుండా చూసుకోవడం మేలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను ఇంకో యాక్సెస్ పాయింట్ దొరుకుతుందేమోనని ఛానళ్లన్నీ గాలిస్తూనే ఉంటుంది. ఎక్స్‌రే గది గోడ పక్క నర్సు టేబుల్ ఉంటే ముందు అక్కడ కొలవండి.

గాలితరంగం:

లెక్క సరైనదే. ఒప్పుకుంటున్నాను, నేను రెండింటినీ ఒకే మూలానికి కట్టేశాను.

ఓరుగల్లు_సిస్టమ్స్:

వారం రోజుల పని తర్వాత మళ్లీ రాస్తున్నాను. మూడో అంతస్తు పిల్లల వార్డులో క్యాప్చర్ తీస్తే కిందికి వచ్చే మాట ప్యాకెట్లకు ప్రాధాన్యం 0 ఉంది. గ్రౌండ్ ఫ్లోరులో అదే కాల్‌కు 5 ఉంది. నిరుడు వేసిన రెండు స్విచ్‌లలోనూ ట్రస్ట్ పెట్టలేదు. పెట్టిన తర్వాత పైఅంతస్తుల్లో కూడా 5 వస్తోంది, మాట చాలా మెరుగైంది. కానీ గాలితరంగం గారు 6 ఉండాలన్నారు. కాల్ సర్వర్‌లో మాట ప్యాకెట్లకు ప్రాధాన్యపు గుర్తు (డీఎస్‌సీపీ) 46 అనే పెట్టి ఉంది, అది సరైనదేనని పుస్తకం చెబుతోంది. మరి 5 ఎలా అయింది?

స్టాండ్‌బై విషయంలో బీకన్_లెక్కలు గారి అనుమానం నిజమే. హ్యాండ్‌సెట్లూ అతిథుల వైఫై ఒకే వీల్యాన్‌లో ఉన్నాయి. చాలా డీటిమ్ బీకన్ల తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు వెళ్లడం కళ్లారా చూశాను. కనీస వేగం 1 ఎంబీపీఎస్, డీటిమ్ 1. ఆరు ఎస్ఎస్ఐడీలు ఉన్నాయని రాయడానికి సిగ్గుగా ఉంది. అందులో ఒకటి ఎప్పుడో ఆరోగ్య శిబిరం కోసం పెట్టి తీయడం మరిచిపోయినది.

గాలితరంగం:

46 ఎలా 5 అయిందంటే, మీ కంట్రోలర్ దాని మొదటి మూడు బిట్లను మాత్రమే చూస్తోంది. 46ను బైనరీలో రాస్తే 101110. మొదటి మూడు బిట్లు 101, అంటే 5. వైఫైలో 4, 5 ప్రాధాన్యాలు వీడియో తరగతివి, 6, 7 మాటవి. వైర్ల ప్రపంచమూ వైఫై ప్రపంచమూ వేర్వేరు అంకెలు వాడడం వల్ల వచ్చిన ఈ గందరగోళం చాలా ఏళ్లు సాగింది. 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీన్ని సరిచేస్తూ 46ను 6కు మార్చాలని సూచించింది. మీ కంట్రోలర్‌లో ఆ పట్టిక ఉంటే దాన్ని చేత్తో మార్చండి. వీడియో తరగతిలోనూ మాట వినడానికి బాగానే ఉండవచ్చు, ఎందుకంటే గాలి ఖాళీగా ఉన్నంతసేపు తేడా తెలియదు. కానీ మీ హ్యాండ్‌సెట్ యూ-ఏపీఎస్‌డీని మాట తరగతికే అమర్చుకుంటే, 5తో వచ్చిన ప్యాకెట్ ఇంకా పాత దారిలోనే వస్తున్నట్టు.

ఇంకొక హెచ్చరిక. మాట తరగతి రుచి చూశాక కొందరు స్కాన్ బొమ్మలూ బిల్లింగూ అన్నీ అందులోకి నెడతారు. ఆ తరగతి గాలిలో వేచి ఉండే యాదృచ్ఛిక విరామం 3 స్లాట్ల నుంచి మొదలై 7 దగ్గర ఆగిపోతుంది. మామూలు తరగతికి అది 15 నుంచి 1023 దాకా పెరగగలదు. కొద్దిమంది ఉన్నంతవరకే ఆ చిన్న విరామం మేలు చేస్తుంది. అందరికీ బ్రేక్ దర్శనం టికెట్లిస్తే ఆ వరుసే సర్వదర్శనం అవుతుంది. ఒక్కో యాక్సెస్ పాయింట్‌కు కాల్స్ పరిమితి పెట్టే అడ్మిషన్ కంట్రోల్‌ను మీ హ్యాండ్‌సెట్లు అర్థం చేసుకుంటే దాన్ని కూడా పెట్టండి.

బీకన్_లెక్కలు:

హ్యాండ్‌సెట్లకు వేరే వీల్యాన్ ఇవ్వండి. ఎస్ఎస్ఐడీలను మూడుకు తగ్గించండి. వీలైతే హ్యాండ్‌సెట్లను 5 గిగాహెర్ట్‌జ్‌లోనే ఉంచండి, 2.4లో ఒకదానిపై ఒకటి పడకుండా దొరికేవి 1, 6, 11 అనే మూడు ఛానళ్లే. కంట్రోలర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ ఉంటే వేయండి. ఫోను తరఫున యాక్సెస్ పాయింటే జవాబు చెబుతుంది కాబట్టి "ఈ చిరునామా ఎవరిది" అన్న కేకలకు ఫోను లేవనక్కర్లేదు. ఇవన్నీ అయ్యాక డీటిమ్‌ను 3 చేయండి.

తీగల_పని:

డీటిమ్ 3 దగ్గర ఆగండి. ఆసుపత్రుల్లో కోడ్ బ్లూ (రోగి గుండె ఆగినప్పుడు బృందాన్ని పిలిచే పిలుపు) వంటి సామూహిక ప్రకటనలను కొందరు హ్యాండ్‌సెట్లకు మల్టీకాస్ట్‌గా పంపుతారు. డీటిమ్ 3 అయితే ఆ ప్రకటన 307 మిల్లీసెకన్లకు ఒకసారి మూటగా వస్తుంది. అందుకు తగిన బఫర్ ఫోనులో లేకపోతే అత్యవసర ప్రకటనే తెగి వినిపిస్తుంది. ఓరుగల్లు గారి దగ్గర ఆ వాడుక ఉందో లేదో ముందు తెలుసుకోవాలి కదా. అలాగే కనీస వేగం పెంచడానికి 1 ఎంబీపీఎస్ తీసేసే ముందు, పాత 802.11బీ పరికరాలు ఏమైనా మిగిలాయేమో చూసుకోండి. మేము ఒక గోదాములో తీసేసిన మర్నాడు బార్‌కోడ్ స్కానర్లన్నీ మూగబోయాయి.

బీకన్_లెక్కలు:

తీగల_పని గారి మాట న్యాయమైనది. మల్టీకాస్ట్ ప్రకటనలు ఉంటే 1 లోనే ఉంచండి. బ్రాడ్‌కాస్ట్ గోల తగ్గితే డీటిమ్ 1తో కూడా పెద్ద నష్టం లేదు. నా అనుభవంలో గోల తగ్గించడం వల్ల వచ్చేదే ఎక్కువ, డీటిమ్ పెంచడం వల్ల వచ్చేది దాని తర్వాతే.

ఓరుగల్లు_సిస్టమ్స్:

మా దగ్గర కోడ్ బ్లూ ప్రకటన హ్యాండ్‌సెట్లకు మల్టీకాస్ట్‌గానే వెళుతుంది, కాబట్టి డీటిమ్‌ను ముట్టుకోలేదు. మిగిలినవన్నీ చేశాం. హ్యాండ్‌సెట్లకు వేరే వీల్యాన్, మూడు ఎస్ఎస్ఐడీలు, ప్రాక్సీ ఏఆర్‌పీ, 5 గిగాహెర్ట్‌జ్, కనీస వేగం 12 ఎంబీపీఎస్. స్టోర్సులో ఉన్న రెండు పాత స్కానర్ల కోసం అక్కడి ఒక్క యాక్సెస్ పాయింట్‌లో మాత్రం 2.4లో పాత వేగాలు ఉంచాం. 46ను 6కు మార్చాం, యాక్సెస్ పాయింట్ల శక్తిని 14 డీబీఎంకు దించాం. శక్తి దించాక రెండు చోట్ల సిగ్నల్ −67 కంటే కిందికి పడిపోయింది, అక్కడికి రెండు యాక్సెస్ పాయింట్లను జరపాల్సి వచ్చింది.

నిన్న ఉదయం 8 గంటలకు షిఫ్టు దిగిన 22 హ్యాండ్‌సెట్ల ఛార్జి రాసుకున్నాను. పద్దెనిమిదింటిలో 41 నుంచి 56 శాతం దాకా ఉంది. పవర్ సేవ్ వేసే ఉంది, మాట తెగుతోందన్న ఫిర్యాదు ఈ వారంలో ఒక్కటే వచ్చింది, అదీ లిఫ్టులో. లిఫ్టు లోపల ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు కాల్ పోతోంది. 802.11ఆర్ వేస్తే ఆ మార్పు వేగంగా జరుగుతుందని చదివాను. కానీ ఇనుప పెట్టెలో సిగ్నలే లేనప్పుడు అది ఏం చేయగలదో తెలియడం లేదు.

మిగిలిన నాలుగు హ్యాండ్‌సెట్లు మాత్రం తెల్లవారుజామున 5 గంటలకే ఆగిపోయాయి. సెట్టింగులు మిగతావాటితో సమానమే. తెరిచి చూస్తే వాటి బ్యాటరీలు కొద్దిగా ఉబ్బినట్టున్నాయి. కొత్తవి ఆర్డరు పెట్టాను, వచ్చే వారం వస్తాయి. అప్పటిదాకా వాటిని పగటి షిఫ్టులకు వాడుతున్నాం.

తీగల_పని:

లిఫ్టు సంగతి మీరే సరిగ్గా చెప్పారు. 802.11ఆర్ మార్పుకు పట్టే సమయాన్ని తగ్గిస్తుంది, లేని సిగ్నల్‌ను తేలేదు. లిఫ్టు కదిలే గుంతలోకి ఒక యాంటెన్నా దించడమో, లిఫ్టులో కాల్స్ నడవవని సిబ్బందికి చెప్పడమో చేయాలి. తక్కువ ఖర్చు రెండోదే.

ఆ నాలుగు హ్యాండ్‌సెట్లను మాత్రం పగటికి కూడా వాడకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఛార్జింగ్ స్టాండులో పెట్టడం ప్రమాదం, అదీ ఆక్సిజన్ లైన్లున్న వార్డులో. ఈ రోజే వాటిని సేకరించి, బ్యాటరీలను నొక్కకుండా, గుచ్చకుండా బయటికి తీసి, మండే వస్తువులకు దూరంగా ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. కొత్తవి వచ్చేదాకా నాలుగు ఫోన్లు తక్కువతో గడపవచ్చు.

ఓరుగల్లు_సిస్టమ్స్:

నాలుగూ తీసేశాను. ఒకటి అప్పటికే స్టాండులో ఉంది, ముట్టుకుంటే వేడిగా తగిలింది.